తొమ్మిది బెడ్‌రూముల ఇల్లు

పాస్టరుగారు ఆఖరి ప్రార్థన ముగించి, శవపేటిక మూత వేశాక, జనం మెల్లగా పక్క గదిలోని కాఫీ వైపు కదిలారు. వరసలో నా వెనక నిలబడ్డ పెద్దమనిషి కప్పు అందుకుంటూ, గొంతు బాగా తగ్గించి, "పాపం... ఆ ఇల్లిప్పుడు ఎంత చేస్తుందంటారు?" అని అడిగాడు.

నాకు కోపం రాలేదు. కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఉన్న మా తెలుగువాళ్ళకి ఆ ప్రశ్న అలవాటు చేసింది ఆ పేటికలో ఉన్న ఆయనే.

ఆయన పలకరింపే అలా ఉండేది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట ఎదురొచ్చి, "వందనాలండీ" అని రెండు చేతులూ జోడించి, ఆ చేతులు విడిపోయేలోపే "మీ ఇల్లు ఈ నెల పన్నెండు పెరిగిందండీ" అనేవాడు. పన్నెండంటే పన్నెండు వేల డాలర్లు. వేలు అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అడ్రసు కొడితే ఇంటి ధర అంచనా కట్టి చెప్పే వెబ్‌సైటు ఒకటి ఆయన ఫోన్లో ఎప్పుడూ తెరిచి ఉండేది. మా అందరి అడ్రసులూ అందులో దాచుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బొటనవేలు నాలిక మీద తడిచేసుకుని తెరని పైకి జరిపేవాడు, పుస్తకంలో పేజీ తిప్పినట్టు. అలా తిప్పుతూ మా ఇళ్ళ పెరుగుదలలూ తరుగుదలలూ మాకంటే ముందు ఆయనే తెలుసుకునేవాడు.

మా అన్నయ్య పోయినప్పుడు పరామర్శకి వచ్చాడు. చిన్న ప్రార్థన చేశాడు. వెళుతూ వెళుతూ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "మీ వీధి చివరి ఇల్లు మొన్న అమ్ముడైందండీ. మంచి రేటొచ్చింది. దిగులుపడకండి" అన్నాడు. ఓదార్పుకి ఆయన దగ్గర ఉన్న మంచి కబురు అదొక్కటే అనిపించింది. నిజానికి కాస్త ఓదార్పుగానే ఉంది కూడా.

బాపట్ల దగ్గరి మనిషి. మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసేవాడు. తెల్లారకముందే బయల్దేరి 401 హైవే మీద పడి, సాయంత్రం మళ్ళీ అదే 401 మీద ఇంటికి చేరేవాడు. ఇల్లు యూనివర్సిటీకి దగ్గర్లో, ధరలింకా మనుషులకి అందుబాటులో ఉన్నప్పుడు కొన్నాడు. భార్య పెళ్ళికి ముందు మిషన్ స్కూల్లో టీచరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆవిడని "టీచరుగారూ" అనే పిలిచేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు.

తర్వాత స్టూడెంట్ల వరద వచ్చింది. సిటీ బస్సెక్కితే హైదరాబాద్ బస్సెక్కినట్టుండేది. గదుల కోసం పిల్లలు సూట్‌కేసులతో వీధులు తిరిగేవాళ్ళు. పరుపుకి ఇంత అని అద్దెలు మొదలయ్యాయి. ఆయన ముందు బేస్‌మెంట్‌ని మూడు గదులు చేశాడు. తర్వాత పైన ఉన్న నాలుగు బెడ్‌రూముల్లో మూడు ఆడపిల్లలకిచ్చాడు. చివరికి కింది హాలు మధ్యలో జిప్సం షీటు గోడ కట్టించి దాన్నీ రెండు గదులు చేశాడు. ఆ గోడ వచ్చి సరిగ్గా వీధివైపు పెద్ద కిటికీ నడుమ ఆగింది. సగం అద్దం ఈ గదికి, సగం అద్దం ఆ గదికి. గుమ్మం తలుపు తీస్తే ఎదురుగా సన్నటి నడవా, అటూ ఇటూ మూసిన తలుపులు, తలుపుల ముందు బూట్లు. ఎవరింటికి వచ్చామో ఒక్క క్షణం తెలిసేది కాదు.

గోడ పూర్తయిన రోజే ఆయన మా ఇంటికొచ్చాడు. ఆ వెబ్‌సైట్లో ఇంటి యజమాని తన ఇంటి వివరాలు తానే సరిచేసుకునే వీలుందట. నాలుగు బెడ్‌రూములు అని ఉన్నచోట తొమ్మిది అని కొట్టాడు. అంకె గబుక్కున పైకి లేచింది.

"చూశారా? గోడకైన ఖర్చు గోడే ఇచ్చేసింది" అని ఫోన్ నా ముందు పెట్టాడు.

"అది ఇల్లు చూసి వెళ్ళిందాండీ?" అన్నాను.

"చూడక్కర్లేదండీ. దానికన్నీ తెలుసు."

"మీరు చెబితేనే కదా తెలిసింది?"

ఆయన మనసారా నవ్వాడు. "పేపరోళ్ళు ఎవర్నీ నమ్మరండీ" అన్నాడు.

నమ్మకపోవడానికి నాకొక కారణం ఉంది. గుంటూరులో పేపర్లో పనిచేసిన రోజుల్లో మిరప ధరలు రోజూ మా పేజీలోనే వేసేవాళ్ళం. పొద్దున్నే ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని రైతులు మిర్చి యార్డుకి వెళ్ళేవాళ్ళు. వ్యాపారి పేపరు వైపు చూసేవాడు కాదు. బస్తాలో మోచేతి దాకా చెయ్యి దించి, అడుగునుంచి గుప్పెడు కాయలు పైకి తీసి, ఒకటి విరిచి, తేమ చూసి, వాసన చూసి అప్పుడు చెప్పేవాడు రేటు. "పేపర్లో ఇంత పడిందిగా" అని రైతు అంటే, "అయితే పేపరాఫీసులో అమ్ముకో" అనేవాడు. మేం వేసిన ధర అబద్ధం కాదు. నిన్న ఎవరో ఎవరికో ఇచ్చిన ధర అది. ఈ బస్తా సంగతి దానికి తెలియదు.

ఈ కథ ఆయనకి చెప్పాను. శ్రద్ధగా విని, "అది మిరపకాయండీ, ఇది ఇల్లు" అన్నాడు.

ఆ ఏడాదే టీచరుగారికి పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి నిలవలేదు. ఆస్పత్రి నుంచి తెచ్చి పైన వాళ్ళ గదిలోనే పడుకోబెట్టారు. స్నానాల గది ఆ గదిలోనే ఉంది, కింద ఉన్నది కాళ్ళూ చేతులూ కడుక్కునే చిన్న బాత్రూం. మెట్లు ఇక ఆవిడ వల్ల కాదు. డాక్టరుకి చూపించే రోజున ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా దించేవాళ్ళు, మళ్ళీ కుర్చీతో సహా ఎక్కించేవాళ్ళు. మిగతా రోజులన్నీ ఆవిడ లోకం ఆ గది. పక్క గదుల ఆడపిల్లలు ఖాళీ ఉన్నప్పుడు వచ్చి తల దువ్వేవాళ్ళు. కింద ఎవరు పోపు వేస్తున్నారో వాసనని బట్టి చెప్పేసేది. ఏదైనా కావాలంటే పైనుంచి ఫోన్ చేసేది.

ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఊరికి కాస్త దూరంలో కొత్తగా కడుతున్న ఇళ్ళలో మెట్లు లేని ఇల్లొకటి బుక్ చేశాడు. అంతా ఒకటే అంతస్తు, వీల్‌చైర్ పట్టేంత తలుపులు, వెనక చిన్న తోట. జన్మంతా దాచుకున్నది తీసి బిల్డరుకి డిపాజిట్ కట్టాడు. తాళం ఇచ్చే నాటికి ఈ ఇల్లు అమ్మి మిగతాది కట్టాలి. కట్టలేకపోతే ఆ ఇల్లూ రాదు, డిపాజిట్టూ తిరిగి రాదు. కాగితాల్లో స్పష్టంగా రాసుంది. ఆయన భయపడలేదు. అమ్మితే ఎంతొస్తుందో ఫోన్లో ఉంది కదా. దాన్ని పట్టుకునే లెక్కంతా వేసుకున్నాడు.

అమ్మడానికి పెట్టే ముందు ఇల్లు చూడ్డానికి రిచ్‌మండ్ హిల్ నుంచి ఒక ఏజెంటు వచ్చింది. కరీంనగర్ వైపు అమ్మాయి. నాలుగు మాటలు తెలిసినవాడినని నన్నూ రమ్మన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ బయటికి తియ్యలేదు. సాక్సులతో ఇల్లంతా నడిచింది. అల్మరాలు తెరిచి చూసింది. బేస్‌మెంట్ మూలల్లో గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది. గరాజ్‌లో ఆయన పెట్టించిన రెండో వంటగది ముందు ఆగి, వాసన పీల్చి వచ్చేసింది. నడవాలోకి వచ్చాక అడిగింది.

"అంకుల్, హాల్ ఏదీ?"

"ఇదీ అదీ కలిపితే హాలే కదమ్మా."

"కలిపితే కదా అంకుల్." నడవాని ఇంకోసారి చూసి అంది, "ఎనిమిది తొంభైతోని పెడదాం."

అంటే ఎనిమిది లక్షల తొంభై వేల డాలర్లు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. బొటనవేలు తడిచేసుకున్నాడు. ఫోన్ ఆ అమ్మాయి ముందు పెట్టాడు. "మిలియన్ ఎనభై చూపిస్తోందమ్మా, పది లక్షల ఎనభై వేలు."

"ఆ వెబ్‌సైట్ వాళ్ళకు ఈ గోడ తెలుసా?"

"తొమ్మిది బెడ్‌రూములని ఉందిగా."

"అది ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"సిటీ పర్మిట్ తీసుకున్నరా?"

ఆయన ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. "మరి పక్కిల్లు అంతకే పోయిందిగా? అదే బిల్డరు, అదే మోడలు" అన్నాడు.

"వడ్డీలు పెరగకముందు పోయింది అంకుల్. ఆ రేటు ఇంకా మీ ఫోన్ల ఉంది. బయట లేదు. పైగా వాళ్ళకు హాలుంది." ఆ అమ్మాయి గొంతు మెత్తబరిచింది. "నేనొక మాట చెప్త, ఏమనుకోకండి. ఈ గోడ తీసేద్దాం. ఈ చిన్న బాత్రూంల ఒక షవర్ పెట్టిద్దాం. ఆంటీని కిందికి తెచ్చుకోండి ముందు. ఇల్లు కూడా చూసేటోళ్ళకు ఇల్లులెక్క కనిపిస్తది."

"గోడ తీస్తే రెండు బెడ్‌రూములు పోతాయమ్మా. నంబరు పడిపోద్ది."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

అంతలో ఆయన ఫోనే మోగింది. పైనుంచి టీచరుగారు. "ఎవరండీ వచ్చింది?"

"ఇంటి రేటు చూడ్డానికొచ్చారు టీచరుగారూ."

"కాఫీ ఇచ్చారా?"

ఇవ్వలేదు. అప్పుడు గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తాడు.

ఇల్లు ఆయన చెప్పిన ధరకే పెట్టారు. అద్దెలు ఆగిపోతాయని పిల్లల్ని ఖాళీ చేయించలేదు. చూడ్డానికి ఎవరొచ్చినా తొమ్మిది తలుపులు కొట్టాలి. ఒకమ్మాయి ఒకసారి నా ముందే, "అంకుల్, గంట ముందు చెప్పండి ప్లీజ్. పప్పులో పోపు పెట్టాక చెప్తే నేనెక్కడికి పోవాలి?" అంది. "నువ్వెక్కడికీ వెళ్ళొద్దమ్మా, ఆ వాసనే బయటికి పోవాలి" అన్నాడాయన. అందరూ నవ్వారు. పైనుంచి టీచరుగారి నవ్వు కూడా వినిపించింది.

రెండో వారంలో మిస్సిసాగా నుంచి ఒక జంట వచ్చింది. మనవాళ్ళే, చంకలో పసిపాప. పెరడు నచ్చింది, వీధి నచ్చింది. ఆ భార్య నడవాలో నిలబడి చాలాసేపు అటూ ఇటూ చూసి, భర్తతో, "సోఫా ఎక్కడేస్తాం?" అంది. అయినా ఆఫరిచ్చారు, గోడలు తీయించుకునే ఖర్చు వాళ్ళదే అన్నారు. తొమ్మిది లక్షల ఇరవై వేలు. ఏజెంటు చెప్పినదానికంటే ఎక్కువ.

"తీసుకోండి అంకుల్. ఇంతకంటే మంచిది నేను తేలేను" అని ఆ అమ్మాయి ఫోన్లో బతిమాలింది. స్పీకర్ పెట్టి నాకూ వినిపించాడు.

"వెయిట్ చేద్దామమ్మా. దేవుడున్నాడు."

"దేవుడున్నాడు అంకుల్, బయ్యర్ లేడు."

ఆయన ఒప్పుకోలేదు. అది మొండితనం అని అప్పట్లో అందరం అనుకున్నాం. దురాశ అన్నవాళ్ళూ ఉన్నారు. దగ్గరుండి చూసినవాడిగా నాకలా అనిపించలేదు. తన ఇల్లు తొమ్మిది ఇరవైకి ఇస్తే మిగతా మొత్తాన్ని ఎవరో తన జేబులోంచి తీసుకున్నట్టు ఆయనకి బాధగా ఉండేది. ఎప్పుడూ చేతికి రానిదాన్ని పోగొట్టుకున్న బాధ. రోజుకి పదిసార్లు చూసుకునే అంకె కొన్నాళ్ళకి బ్యాంకులో ఉన్న డబ్బులా అయిపోతుంది.

తర్వాత వెబ్‌సైటు అంకె దిగడం మొదలైంది. వచ్చే ఆఫర్లు దానికంటే ముందే దిగాయి. ఆయన అంకె దగ్గరికి వచ్చేసరికి ఆఫరు ఇంకో మెట్టు కిందుండేది. ఆఫరు దగ్గరికి దిగుదామని మనసు సిద్ధం చేసుకునేసరికి ఆ మనిషి వేరే ఇల్లు కొనేసుకునేవాడు. బిల్డరు తాళం ఇచ్చే రోజు దగ్గరపడింది. చివరికి ఎనిమిది నలభైకి సరేనన్నాడు. ఆ రోజు నాతో, "పోన్లెండి, టీచరుగారు కిందికి దిగితే చాలు" అన్నాడు. తెల్లగా పాలిపోయి ఉన్నాడు గానీ ఊపిరి తేలిగ్గా పీల్చుకుంటున్నాడు.

కొనేవాళ్ళకి అప్పిచ్చే బ్యాంకు తన మనిషిని పంపింది, ఇల్లు వెలకట్టడానికి. పెద్దవయసు తెల్లాయన, నెమ్మదస్తుడు. ఎర్ర చుక్క వేసి కొలిచే పరికరంతో గది గదీ కొలిచాడు. సగం కిటికీ దగ్గర ఆగి ఫోటో తీశాడు. ఇది లివింగ్ రూమేనా అని మర్యాదగా అడిగాడు.

"బెడ్‌రూం సర్. అదీ బెడ్‌రూం" అన్నాడు ఈయన.

తెల్లాయన తలూపాడు. తీసుకున్న ఫోటో మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. బేస్‌మెంట్ నుంచి పైకొచ్చాక, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారని అడిగాడు. ఆ ప్రశ్నకి మాత్రం ఇంకెవరో జవాబు చెబుతారన్నట్టు ఈయన చుట్టూ చూశాడు.

వారం తిరక్కుండానే బ్యాంకు ధర వచ్చింది. ఆయన మా ఇంటికి నడిచే వచ్చాడు, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా. "తొమ్మిది గదులూ తిరిగి చూశాడండీ. నాలుగే రాశాడు" అన్నాడు. గోడలు తీసి ఇంటిని మళ్ళీ మామూలుగా చేయడానికయ్యే ఖర్చు కూడా తగ్గించి వెలకట్టాడు. ఆ వెలకి బ్యాంకిచ్చే అప్పు చాలక కొనేవాళ్ళు తప్పుకున్నారు. ఇంకొకరిని వెతికే వ్యవధి లేదు. బిల్డరు ఒక్కసారి గడువు పొడిగించాడు. రెండోసారి పొడిగించలేదు. మెట్లు లేని ఇల్లు ఎవరో కొనుక్కున్నారు. డిపాజిట్ పోయింది.

తర్వాతి ఆదివారాల్లో ఆయన చర్చికొచ్చేవాడు. చేతులు జోడించేవాడు. "వందనాలండీ. ఒంట్లో బాగుంటోందా?" అనేవాడు. ఆ మాటకి జనం తడబడేవాళ్ళు. ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "ఏమైంది బ్రదర్‌కి? మా ఇంటి సంగతి అడగలేదు" అన్నాడు.

ఆపైన వీసాలు బిగుసుకున్నాయి. వచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళు చదువులైపోయి పనులకోసం ఊళ్ళు మారారు. బస్సుల్లో సీట్లు దొరకసాగాయి. ఆ ఇంట్లో ముందు బేస్‌మెంట్ పలచబడింది. హాల్లోని రెండు గదులూ ఒకే నెలలో ఖాళీ అయ్యాయి. అద్దెకని బోర్డు పెట్టాడు. గుమ్మంలో బూట్లు మాత్రం పెరగలేదు.

ఒక శనివారం పొద్దున ఫోన్ చేసి, "ఒకసారి రాగలరా, చేతి సాయం కావాలి" అన్నాడు. వెళ్ళేసరికి సుత్తి పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాడు. మొదటి దెబ్బ మెల్లగా వేశాడు, తలుపు తట్టినట్టు. షీటుకి బొక్క పడింది. తర్వాత ఆగలేదు. మధ్యాహ్నానికి షీట్లు, చట్రం అన్నీ పీకేశాం. తెల్లటి దుమ్ము మా జుట్టు నిండా. పెద్ద కిటికీ మొత్తంగా బయటపడింది. వీధీ, ఎదురింటి మేపుల్ చెట్టూ, చెత్తబండీ అన్నీ ఒక్కసారే లోపలికొచ్చాయి. నేల మీద గోడ ఉన్నచోట సన్నటి చార మిగిలింది. అక్కడ చెక్క రంగు వెలిసిపోకుండా కొత్తగా ఉంది.

కింది చిన్న బాత్రూంలో షవర్ ముందే పెట్టించాడు. మంచం కిందికి దించాం. మిగిలున్న కుర్రాళ్ళిద్దరు టీచరుగారిని కుర్చీలో తీసుకొచ్చి కిటికీ పక్కన దింపారు. ఆవిడ కుడిచేత్తో కొంగు సర్దుకుంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా తీరిగ్గా చూసింది. మాట ఇంకా కొంచెం ముద్దగానే వచ్చేది.

"మన హాలు ఇంత పెద్దదని మర్చేపోయానండీ" అంది.

ఆవిడ కాసేపు వీధిలోకి చూసింది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. తెలియని సంగతి అడిగినట్టు అడిగింది.

"ఇది మనదేగా. ఎప్పుడైనా దింపొచ్చుగా నన్ను?"

కుర్రాళ్ళిద్దరూ పని ఉన్నట్టు పైకి వెళ్ళిపోయారు. ఆయన మూలనున్న చీపురు తీసుకుని, వంగి, అప్పటికే ఊడ్చేసిన చోట మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.